పూర్ణం బయటపడని పరాఠా: ఉర్లగడ్డతో, ముల్లంగితో, కాలీఫ్లవర్‌తో

తిరుపతిలోనో చిత్తూరులోనో సాయంత్రం బండి దగ్గర నిలబడి ‘పరోటా’ అంటే పొరలు విడిపోయే మైదా పరోటా, దానికి తోడు గిన్నెలో సేర్వా వస్తాయి. ఇక్కడ చెప్పేది గోధుమపిండి ఉండలో మసాలా కూర పెట్టి మూసి, కర్రతో రుద్ది, పెనం మీద కాల్చే ఉత్తరాది పరాఠా సంగతి. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ, చేసే తీరు చూస్తే మన ఇళ్లలో దీనికి దగ్గరి చుట్టం ఓళిగే. పోళీ అనండి, ఒబ్బట్టు అనండి, పూర్ణాన్ని పిండిలో పెట్టి అంచులు దగ్గరికి లాగి మూసే ఒడుపు రెండింటికీ ఒకటే.

ఓళిగ తిరిగిన చేతికి పరాఠాలో సగం పని వచ్చినట్టే. ఇబ్బందంతా మిగతా సగంతో. ఓళిగ పూర్ణంలో పప్పూ బెల్లమూ ఉడికి దగ్గరపడి ఉంటాయి, ఆ తర్వాత నీరు వదలవు. పైగా నూనెలో నానిన పిండిని నూనె చేత్తో ఆకు మీద తడతాం కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. పరాఠాను పొడిపిండి అద్ది కర్రతో రుద్దాలి, లోపలేమో కూరగాయ. ఉర్లగడ్డలో (బంగాళాదుంపలో) నూటికి 80 పాళ్లు నీళ్లే. కాలీఫ్లవర్‌లో, క్యాబేజీలో 92 దాకా, ముల్లంగిలో 95 దాకా ఉంటాయి. ఉడికిన ఉర్లగడ్డలో ఆ నీటిని గంజి పట్టి ఉంచుతుంది. మిగతావాటిలో అలా పట్టుకునేదేమీ లేదు, ఉప్పు తగలగానే వదిలేస్తాయి. ఆ నీరు పిండిని లోపలి నుంచి నానబెడుతుంది, ఎక్కడ పలచబడితే అక్కడ చిరుగుతుంది. పరాఠా పగిలితే కర్రనో చేతినో తిట్టుకుంటాం గానీ, తప్పు చాలావరకు పూర్ణం గిన్నెలోనే జరిగిపోయి ఉంటుంది.

కొలతలన్నీ 8 పరాఠాలకు.

పిండి

గోధుమపిండి 300 గ్రాములు, ఉప్పు ముప్పావు టీస్పూను, నూనె ఒక టేబుల్ స్పూను, నీళ్లు 190 మి.లీ. అటూ ఇటూ.

మిల్లులో పట్టించిన పిండి అయితే సన్న జల్లెడతో ఒకసారి జల్లించండి. పెద్ద పెద్ద తవుడు రేకులు పలచటి పిండిని లోపలి నుంచి గుచ్చుతాయి. తవుడంతా తీసేయాల్సిన పనిలేదు, జల్లెడలో మిగిలిన గరుకు తీస్తే చాలు. మిల్లు నుంచి వేడిగా తెచ్చిన పిండిని అదే పూట కలపకండి, పూర్తిగా చల్లారనివ్వండి.

పిండిలో ఉప్పు, నూనె వేసి వేళ్లతో కలిపాక, ముందు 170 మి.లీ. నీళ్లు పోసి దగ్గరికి తీయండి. అప్పుడే పిసకొద్దు. మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. గోధుమపిండిలో తవుడు నీళ్లు తాగడానికి టైం తీసుకుంటుంది. మొదట్లోనే చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లితే, తవుడు నానాక ముద్ద రాయిలా బిగుస్తుంది. పది నిమిషాల తర్వాత మిగిలిన నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ఐదారు నిమిషాలు అరచేతి మడమతో బాగా పిసకండి. చెవి తమ్మె పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో ముద్ద అంత మెత్తగా రావాలి. మామూలు చపాతీ పిండి కంటే ఒక పిసరు మెత్తన. తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టండి.

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అరగంటలోనే ముద్ద జారుడుగా అయిపోతుంది. అప్పుడు ఫ్రిజ్ నీళ్లతో కలిపి 20 నిమిషాలకే మొదలుపెట్టండి. నవంబరు, డిసెంబరు ముసురులో పిండే తేమ పట్టి ఉంటుంది, నీళ్లు ఓ 10 మి.లీ. తగ్గించండి.

ఉర్లగడ్డ పూర్ణం

ముందు గడ్డ సంగతి. పలమనేరు, వి.కోట వైపు నుంచి కొత్తగా తవ్వి వచ్చిన ఉర్లగడ్డల తోలు గోటితో గీరితే లేచొస్తుంది. అవి కూరకు బావుంటాయి, పూర్ణానికి మాత్రం నీరెక్కువ, మెదిపితే జిగురు. తోలు గట్టిపడిన పాత గడ్డలు తీసుకోండి. పచ్చి గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చలికి గంజి చక్కెరగా మారి పూర్ణం తియ్యబడుతుంది.

ఉర్లగడ్డలు 500 గ్రాములు, ఒక్కోటి 80–100 గ్రాములవి అయితే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. కోయకుండా, తోలు తీయకుండా కుక్కర్లో వేయండి. నీళ్లలో ముంచకుండా, అడుగున నీళ్లు పోసి పైన గిన్నెలో గడ్డలు మాత్రమే పెట్టి ఆవిరికి ఉడికించడం మేలు. తోలు చిట్లినా గడ్డలోకి నీళ్లు పోవు. మధ్యస్థం మంట మీద మూడు నాలుగు విజిల్స్, ఆవిరి తనంతట తాను దిగాలి.

వేడి మీదే తోలు తీసి, కొబ్బరి తురిమే సన్న తురుముపీట మీద తురమండి. పప్పుగుత్తితో మెదిపితే ఎక్కడో ఒక గడ్డముక్క దాక్కుంటుంది. రుద్దేటప్పుడు పిండిని చీల్చేది ఆ ముక్కే. మిక్సీ అసలొద్దు, గంజి బయటికొచ్చి బంకలా సాగుతుంది. తురిమినదాన్ని వెడల్పాటి తాంబాళంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. తాంబాళం మీద మూత పెట్టకూడదు, పెడితే ఆవిరి నీరై తిరిగి పూర్ణంలోకే పడుతుంది. తీరిక ఉంటే గడ్డలు ముందురోజు రాత్రే ఉడికించి, తోలుతోనే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉడికాక చల్లబడ్డ గంజి గట్టిపడి, మర్నాడు పొడిపొడిగా తురుము వస్తుంది. పూర్ణాలన్నిటిలోకీ ఇదే తేలిక.

చల్లారిన తురుములో కలపాల్సినవి: పచ్చిమిరపకాయలు 3 (గింజలతో సహా సన్నగా తరిగి), అల్లం అంగుళం ముక్క తురుము, వేయించి దంచిన జీలకర్ర పొడి ఒక టీస్పూను, ధనియాల పొడి ఒక టీస్పూను, కారం అర టీస్పూను, గరం మసాలా అర టీస్పూను, వాము చిటికెడు, మామిడి పొడి ముప్పావు టీస్పూను, కొత్తిమీర గుప్పెడు. ధనియాలు ఇంట్లో దంచితే రవ్వ కంటే పెద్ద పలుకు ఉండకూడదు. కొత్తిమీర ఆకులు మాత్రమే వేయండి, కాడలు చారులోకి.

ఆమ్‌చూర్ అని పొట్లాల్లో అమ్మేది ఎండు మామిడికాయ పొడే. వేసవిలో పుల్లకాయ కోసి ఎండబెట్టిన ఒరుగులు ఇంట్లో ఉంటే మిక్సీలో పొడి కొట్టుకోండి, వాసన ఇంకా బావుంటుంది. ఉప్పు పట్టించిన ఒరుగులైతే పూర్ణంలో ఉప్పు తగ్గించుకోవాలి. ఒరుగు లేదని నిమ్మకాయ పిండొద్దు. ఒక కాయ పిండినా రెండు మూడు టీస్పూన్ల నీళ్లు పోసినట్టే. మదనపల్లె టమోటా ఎంత చవగ్గా దొరికినా పూర్ణంలోకి రానివ్వొద్దు. దాని చోటు పక్కన నంజుకునే ఊరిబిండి పచ్చడిలో.

ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేయాలా వద్దా అన్నది ఇంటి ఇష్టం. వేస్తే 50 గ్రాములకు మించకుండా, బియ్యపు గింజంత ముక్కలుగా తరిగి, గుడ్డలో ఒకసారి పిండి వేయండి. శనివారాలు, ముఖ్యంగా తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలు పట్టే ఇళ్లలో ఎర్రగడ్డ ఎలాగూ ఉండదు. అప్పుడు అల్లం రెట్టింపు చేసి, పావు టీస్పూను ఇంగువ అర టీస్పూను నూనెలో కరిగించి కలపండి. నిజం చెప్పాలంటే ఎర్రగడ్డ లేని ఉర్లగడ్డ పరాఠానే తేలిగ్గా రుద్దుకోవచ్చు, ఎక్కువసేపు నిలవుంటుంది.

ఉప్పు ఒక టీస్పూను. అది మాత్రం ఉండలు చుట్టబోయే ముందే వేయండి. ముందే వేసి గంట ఉంచితే ఎర్రగడ్డ, కొత్తిమీర నీరు వదిలి అడుగున చెమ్మ కడుతుంది.

ఇప్పుడు ఒక పరీక్ష. నానిన పిండిముద్దలో బొటనవేలు గుచ్చండి, అదే బలంతో పూర్ణంలోనూ గుచ్చండి. రెండూ ఒకేలా దిగాలి. పూర్ణం గట్టిగా, పిండి మెత్తగా ఉంటే కర్ర కింద పూర్ణం కదలదు, పిండి మాత్రం పక్కలకు జారి నడిమధ్య చిరుగుతుంది. పూర్ణం జారుగా, పిండి గట్టిగా ఉంటే అంచు తెరుచుకుని పూర్ణం బయటికి వస్తుంది. పూర్ణం జారుగా అనిపిస్తే వేయించిన శెనగపిండి ఒక టేబుల్ స్పూను కలపండి. గట్టిగా అనిపిస్తే నీళ్లొద్దు, ఒక టీస్పూను నెయ్యి కలపండి.

ముల్లంగి

దీనికి భయపడేవాళ్లే ఎక్కువ. దీని లెక్క మాత్రం ముచ్చటగా ఉంటుంది, పిండిన నీళ్లూ పనికొస్తాయి. లేత ముల్లంగి 600 గ్రాములు తీసుకోండి. ముదిరి బెండుపడినవి పీచుగా ఉండి పిండిని చీలుస్తాయి. సన్నగా తురిమి, ఒకటిన్నర టీస్పూను ఉప్పు కలిపి 20 నిమిషాలు ఉంచండి. తర్వాత పల్చటి గుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి గట్టిగా పిండండి. తురుము ఇంచుమించు సగానికి వస్తుంది. మూట విప్పి చూస్తే తురుము గుప్పిట్లో ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లో ఒక్క చుక్క కూడా జారకూడదు.

గిన్నెలో దిగిన నీళ్లలోంచే పిండికి కావలసినన్ని తీసుకుని కలపండి. ఉప్పు అందులోనే ఉంది కాబట్టి పిండిలో వేరే ఉప్పు వేయొద్దు. ముల్లంగి వాసన పిండిలోకీ ఎక్కి రుచి పెరుగుతుంది. అంటే ముల్లంగి పరాఠాకు పూర్ణం ముందు, పిండి తర్వాత. ఈ క్రమం తిరగేస్తే నీళ్లు వృథా.

పిండిన తురుములో వేయించిన చెనక్కాయల (వేరుశెనగల) పొడి మూడు టేబుల్ స్పూన్లు కలపండి. ఉత్తరాదిలో దీనికి శెనగపిండి వాడేవాళ్లున్నారు. ఇక్కడ చెనక్కాయలకు కరువు లేదు, మిగిలిన చెమ్మను పొడి పీల్చుకుంటుంది, ముల్లంగి ఘాటుకు దాని కమ్మదనం సరిపోతుంది. మరీ మెత్తగా పట్టొద్దు, నూనె వదిలి ముద్దవుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. పచ్చిమిర్చి 2, వాము అర టీస్పూను, జీలకర్ర పొడి, కారం అర టీస్పూను, కొత్తిమీర. ఉప్పు చవి చూశాకే. లేత ముల్లంగి ఆకు దొరికితే సన్నగా తరిగి, పెనం మీద నీరు ఇగిరేదాకా వేయించి కలపొచ్చు.

కలిపిన పావుగంటలోపే రుద్దేయాలి. పది నిమిషాలకే అడుగున మళ్లీ తడి కనిపిస్తే మొదట సరిగ్గా పిండలేదన్నమాట. ఇంకో చెంచా చెనక్కాయల పొడి వేసి కానివ్వండి.

కాలీఫ్లవర్, క్యాబేజీ

400 గ్రాములు సన్నగా తురిమి, వెడల్పు బాండలిలో రెండు టీస్పూన్ల నూనెతో మూత పెట్టకుండా పెద్ద మంట మీద ఆరేడు నిమిషాలు వేయించండి. ఆవిరి రావడం తగ్గి, తురుము బాండలికి అంటుకోబోయే దశలో దించాలి. ఉప్పు చివర్లో. పూర్తిగా చల్లారాక ఉడికిన ఉర్లగడ్డ ఒకటి తురిమి కలిపితే విడివిడిగా ఉన్న తురుము ఒకదానికొకటి పట్టుకుంటుంది. మసాలా ఉర్లగడ్డకు చెప్పినదే. క్యారెట్, బీన్స్ వేయాలన్నా దారి ఇదే, బీన్స్ మాత్రం ఉడికించి దంచాలి.

మూయడం, రుద్దడం

పిండిని 8 ఉండలు చేయండి, ఒక్కోటి 60 గ్రాములు దాటుతుంది. పూర్ణం మొదటిసారికి 45 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత. చెయ్యి తిరిగాక 60 దాకా పెట్టొచ్చు. ముల్లంగికి ఎప్పుడైనా 40 చాలు. పూర్ణాన్నీ ముందే ఉండలు చేసి పెట్టుకోండి. మధ్యలో తడి చేయి, పిండి చేయి మారుతుంటే గొడవ.

ఉండను పొడిపిండిలో అద్ది 10 సెంటీమీటర్ల వెడల్పుకు వత్తండి. నడుమ మందంగా, అంచులు పలచగా ఉండాలి. అంచులన్నీ పైన ఒకచోట చేరతాయి కాబట్టి అవి మందంగా ఉంటే అక్కడ పిండి గడ్డలా మిగిలి, కాలాక కూడా పచ్చిగా తగులుతుంది. పూర్ణం నడుమ పెట్టి, ఎడమచేతి బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కి పడుతూ, కుడిచేతి వేళ్లతో అంచును కుచ్చిళ్లు పోసినట్టు కొద్దికొద్దిగా దగ్గరికి లాగండి. అంచుకు పూర్ణం గానీ నూనె గానీ అంటితే ఆ చోట అతకదు, పొడిపిండి అద్ది తుడవండి. అన్నీ కలిసినచోట మెలితిప్పి, పైకి లేచిన తోకను తుంచేయండి. మూసేముందు గుప్పిట్లో మెల్లగా అదిమితే లోపలి గాలి పోతుంది. గాలి మిగిలితే కర్ర కింద టప్పున పగిలేది అదే.

మూసినవైపు కింద పెట్టి, ముందు వేళ్లతోనే తట్టి అరచేయంత చేయండి. ఓళిగ తట్టినట్టే, నడుమ నుంచి అంచుకు. రెండు మూడు నిమిషాలు ఆగండి, ఈలోపు తర్వాతది మూసుకోవచ్చు. ఆగకుండా రుద్దితే పిండి వెనక్కి ముడుచుకుంటుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, పగులుతుంది.

తర్వాత రెండువైపులా పొడిపిండి అద్ది కర్రతో. బరువంతా వేయొద్దు, కర్రకు దాని బరువే చాలు. నడుమ ఒక్కసారి పోనిచ్చి, ఆ తర్వాత అంచుల మీదే పని చేయండి. రెండు రుద్దులకొకసారి పరాఠాను పావు తిప్పు తిప్పుతుండాలి. 18 సెంటీమీటర్లు, అంటే చిన్న పళ్లెమంత వస్తే ఆపేయండి. మందం 4 మిల్లీమీటర్లు ఉంటుంది. చపాతీలా పలచన చేయాలని చూడొద్దు.

ఎక్కడైనా పూర్ణం తొంగిచూస్తే అక్కడ చిటికెడు పొడిపిండి వేసి వేలితో అదమండి, ఆ వైపును పైకి ఉంచి పెనం మీద వేయండి. చిరిగినవైపు ముందు పెనానికి తగిలితే పూర్ణం అంటుకుని మాడుతుంది, తర్వాతవన్నీ ఆ మాడు మీదే కాలాలి.

ఉండ మూయడం అస్సలు కుదరకపోతే, 35 గ్రాముల ఉండలతో రెండు పలచటి చపాతీలు వత్తి, ఒకదాని మీద అంచు వేలి వెడల్పున వదిలి పూర్ణం పరిచి, అంచు తడిచేసి రెండోది కప్పి నొక్కండి. దీనికి పిండి కాస్త ఎక్కువ కలుపుకోవాలి. ముల్లంగికి ఈ పద్ధతే నయం అనేవాళ్లున్నారు, తప్పులేదు. అంచు మాత్రం పిండిపిండిగా తగులుతుంది.

కాల్చడం

మందపాటి ఇనుప పెనం ఉండాలి. నీటి చుక్క వేస్తే ఉండలా గెంతుతూ ఇగిరిపోవాలి, అప్పుడు వేయండి. పలచటి పెనం పరాఠా వేయగానే చల్లబడి, కాల్చడానికి బదులు ఎండబెడుతుంది.

మధ్యస్థం కంటే కాస్త పెద్ద మంట. మొదటివైపు నూనె లేకుండా 30–40 సెకన్లు, పిండి రంగు మారి చిన్న చిన్న పొక్కులు లేచేదాకా. తిప్పి రెండోవైపు ఒక నిమిషం, గోధుమరంగు మచ్చలు పడేదాకా, అదీ నూనె లేకుండానే. అప్పుడు పైన అర టీస్పూను నెయ్యో నూనో రాసి తిప్పండి, ఇటువైపూ అర టీస్పూను. అట్లకాడతో అంచుల చుట్టూ నొక్కుతూ మరో నిమిషం. మొదటి నుంచే నూనె పోస్తే పిండి నూనె తాగుతుంది, మచ్చలు పడవు. వెన్న వాడాలంటే దించాక వేయండి. వెన్నలో నీరుంటుంది, పెనం మీద చిటపటలాడి మాడుతుంది.

పూరీలా పొంగాలని లేదు. పొంగితే అన్నివైపులా మూత సరిగ్గా పడిందని గుర్తు. పైన నల్లమచ్చలు పడినా మూసినచోట పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది. మచ్చలు రాకుండానే అప్పడంలా గట్టిపడితే మంట తక్కువై, పెనం మీద ఎక్కువసేపు ఉంది.

దించినదాన్ని వెంటనే హాట్‌బాక్సులో వేయొద్దు. వెదురు బుట్టలోనో జాలీ మీదో ఒక నిమిషం ఆవిరి పోనిచ్చి, గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టండి.

పక్కన, తర్వాత

పెరుగు ఎలాగూ ఉంటుంది. ఊరిబిండి అయితే పది నిమిషాల పని: వేయించిన చెనక్కాయలు అర కప్పు, నూనెలో మగ్గించిన టమోటాలు 2, వేయించిన ఎండుమిరపకాయలు 5, తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు 4, ఉప్పు వేసి రోట్లో పలుకుగా నూరండి. ముల్లంగి పరాఠాకు మాత్రం చెనక్కాయలు రెండుచోట్లా అవుతాయి, దానికి పెరుగో మామిడికాయ ఊరగాయో చాలు.

పొద్దున చేసి మధ్యాహ్నం డబ్బాకు పెట్టేవాటిలో ఎర్రగడ్డ వేయొద్దు, పూర్తిగా చల్లారాకే మూతపెట్టండి. ఎండాకాలంలో నాలుగు గంటలలోపు తినేయాలి. పూర్ణం పెట్టి రుద్దిన పచ్చి పరాఠాలు ఫ్రిజ్‌లో పెడితే గంటలో కింద అతుక్కుపోతాయి. దాచుకోవాలంటే రెండువైపులా నూనె లేకుండా కాల్చే దశ దాకా చేసి, చల్లార్చి, మధ్య మధ్య బటర్ పేపర్ వేసి గాలి చొరని కవర్‌లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక నెల బావుంటాయి. తినేరోజు కరగనివ్వకుండా గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే వేడి పెనం మీద వేసి, చిన్న మంట మీద మొదలుపెట్టి, లోపల వేడెక్కాక మంట పెంచి నెయ్యి వేయండి. కరిగాక వేస్తే చెమ్మకు పిండి సాగి పెనానికి అంటుకుంటుంది. ముల్లంగివి మాత్రం ఇలా దాచొద్దు, గడ్డకట్టి కరిగిన తురుము నీరంతా ఒక్కసారిగా వదిలేస్తుంది.